మౌల్‌వుర్ఫ్‌లో మూతి ఎలా దూరింది?

జర్మన్ క్లాసులో ఎవరికి నచ్చిన సమాసపదం వాళ్ళు తీసుకుని, దాని పుట్టుక గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలన్నారు. నేను మౌల్‌వుర్ఫ్ తీసుకున్నాను. నేల కింద సొరంగాలు తవ్వుకుని బతికే నల్లటి చిన్న జంతువది. నేను అద్దెకున్న ఇంటి పెరట్లో పొద్దున్న లేచేసరికి కొత్త మట్టికుప్పలు కనిపించేవి. పైగా పదం తేలికనుకున్నాను. మౌల్ అంటే జంతువు మూతి, వుర్ఫ్ అంటే విసరడం. బళ్ళో నేర్చుకున్న పద్ధతిలో విగ్రహవాక్యం చెప్పేశాను: మూతితో మట్టిని విసిరేది.

ఇంటి ఓనరమ్మకు చెబితే నవ్వారు. "దాని ముందుకాళ్ళు ఎప్పుడైనా చూశారా?" అన్నారు. ఫొటోలు వెతికితే పారల్లాంటి పంజాలు! తవ్వేది వాటితోనే. మరి పేరులో మూతి ఎందుకుంది?

లైబ్రరీలో గ్రిమ్ సోదరుల నిఘంటువు తీశాను. 1838లో మొదలైన ఆ పని 1961కి గానీ ముగియలేదు. యాకోబ్ గ్రిమ్ 1863లో పోయేనాటికి 'ఫ్రుఖ్ట్', అంటే పండు, అనే మాట దగ్గరున్నారట. నా మాట అక్షరక్రమంలో దాని తర్వాత వస్తుంది కాబట్టి నాకు కావలసిన సంపుటం వేరేవాళ్ళు రాసింది. పేజీ నిండా పొట్టి అక్షరాల సంకేతాలు చూసి టెన్షన్ వచ్చింది. ఏది పాత జర్మన్, ఏది మధ్యకాలపు జర్మన్ అని విడదీసుకోవడానికే ఒక సాయంత్రం పట్టింది. ఇంకో రెండు నిఘంటువులు పక్కన పెట్టుకుంటే తప్ప తేలలేదు.

పాత జర్మన్‌లో ఈ జంతువు మూవెర్ఫ్. 'మూ' అంటే కుప్ప. కుప్పలు పోసేదన్నమాట, పెరట్లో నేను రోజూ చూసేదే. రానురాను 'మూ' ఎవరికీ అర్థం కాకుండా పోయింది. అర్థంకాని ముక్కను జనం అలా వదిలేయరుగా! మట్టి అనే అర్థమున్న 'మోల్ట్' తెచ్చి మోల్ట్‌వెర్ఫ్ అన్నారు. తర్వాత ఆ మోల్ట్ కూడా వాడుకలోంచి పోయింది. అప్పుడు వినడానికి దగ్గరగా ఉన్న మౌల్ వచ్చి కూర్చుంది. విసరడం మాత్రం మూడుసార్లూ అలాగే ఉంది.

అంటే నేను పడిన బోల్తాలోనే జర్మన్లు ఎప్పుడో పడ్డారు. మనవాళ్ళు చక్కెరకేళిని చక్రకేళి చేసినట్టే. ఆ అరటిపండులో చక్రం ఎక్కడుంది?

క్లాసులో మాట్లాడటం బాగానే జరిగింది. వచ్చే వారానికి మేడం ఇచ్చిన మాట హెంగెమాట్టె, తాళ్ళతో కట్టుకునే ఊయల. హెంగె అంటే వేలాడటం, మాట్టె అంటే చాప. ఠక్కున అర్థమైపోతోంది. అందుకే అనుమానంగా ఉంది.