నూర్‌బర్గ్‌రింగ్ వెళ్ళొచ్చాం: ట్రాక్షన్ కంట్రోల్ ఎక్కడ ఆపాలి, ఎక్కడ ఆపకూడదు

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఏ3 హైవే మీద పైకి వెళ్ళి, డెర్న్‌బాఖ్ దగ్గర ఏ48కి మారి, కోబ్లెంజ్ పక్కన రైన్ నది దాటితే ఏ61 తగులుతుంది. వేర్ అనే ఊరి దగ్గర దిగి బీ412 రోడ్డు పట్టుకుంటే ఇక ఐఫెల్ కొండలే. జర్మనీలో పేరుపడ్డ రేసు ట్రాకు నూర్‌బర్గ్‌రింగ్ అక్కడే ఉంది, అందరూ రింగ్ అంటారు. దారంతా మా బామ్మర్దే నడిపాడు. బండి వాడిదే. సెకండ్ హ్యాండులో కొన్న బీఎండబ్ల్యూ ఎం2, 2016 మోడల్. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 370 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు. ఆ బలమంతా వెనక చక్రాలకే వెళ్తుంది.

వాడి కళ్ళు మాటిమాటికీ గేరు లివర్ పక్కనున్న డీఎస్‌సీ బటన్ మీదికే పోతున్నాయి. చక్రాలు పట్టు తప్పకుండా చూసే ట్రాక్షన్ కంట్రోలూ, బండి పక్కకి జారకుండా చూసే వ్యవస్థా కలిపి బీఎండబ్ల్యూ పెట్టిన పేరు అది. "బావా, రింగ్ ఎక్కగానే అది ఆపేద్దాం. అది ఆన్‌లో ఉంటే బండి సత్తా ఏం తెలుస్తుంది?" అన్నాడు. హైదరాబాద్‌లో ఉన్న వాడి ఫ్రెండ్సు పంపే రీల్స్‌లో అందరూ ఆపేసే నడుపుతారట.

నా ఉద్యోగం బ్రేకు కంట్రోల్ యూనిట్లు టెస్ట్ చేయడం. అందుకే ఈ విషయంలో నాకు గట్టి పట్టుదల ఉంది. "ముందు నీళ్ళ మీద ఆపి చూడరా, రింగ్ సంగతి తర్వాత" అన్నాను. రింగ్ పక్కనే ఉన్న డ్రైవింగ్ ట్రైనింగ్ సెంటర్‌లో ఉదయానికి స్లాట్ ముందే తీసి పెట్టాను.

అక్కడ గుండ్రటి ట్రాకు ఒకటి ఉంది. నేలకి నున్నటి పూత పూసి, పైన నీళ్ళు వదులుతారు. చుట్టూ ఖాళీ స్థలం తప్ప గోడ గానీ చెట్టు గానీ లేవు. ఇన్‌స్ట్రక్టర్ బయట నిలబడి వాకీటాకీలో చెబుతుంటాడు. మొదట అన్నీ ఆన్‌లో ఉంచి, రెండో గేరులో తిప్పుతూ యాక్సిలరేటర్ అడుగంటా తొక్కమన్నాడు. మావాడు తొక్కాడు. మీటర్ల మధ్య పసుపు లైటు టపటపా కొట్టుకుంది, ఇంజిన్ గొంతు నొక్కినట్టు మూలిగింది, బండి మాత్రం గీత తప్పలేదు. ప్రతి చక్రం దగ్గరా వేగం కొలిచే సెన్సర్ ఉంటుంది. వెనక చక్రం ముందు చక్రం కంటే ఎక్కువ తిరిగిందంటే పట్టు తప్పిందని అర్థం. కంప్యూటర్ వెంటనే ఇంజిన్ బలం తగ్గిస్తుంది, అవసరమైతే ఆ ఒక్క చక్రానికే బ్రేకు వేస్తుంది. స్టీరింగ్ ఎటు తిప్పాం, బండి నిజంగా ఎటు తిరుగుతోంది అన్న లెక్క ఇంకో సెన్సర్ల జత చూసుకుంటుంది.

తర్వాత బటన్ నొక్కి పట్టుకుని పూర్తిగా ఆపించాడు. ఈసారి సగం తొక్కాడో లేదో, వెనక భాగం పక్కకి వచ్చేసింది. భయపడి కాలు ఒక్కసారిగా తీసేశాడు. అలా తీస్తే బరువంతా ముందుకి పోయి వెనక టైర్ల మీద ఉన్న కాస్త పట్టు కూడా పోతుంది. బండి గిర్రున తిరిగి, వచ్చిన దిక్కుకే మొహం పెట్టి ఆగింది. నష్టం ఏమీ లేదు, ఇద్దరి గుండెలూ దడదడలాడాయి, అంతే. ఆ తర్వాత గంటంతా అదే పని. చూపు వెళ్ళాల్సిన చోటే ఉంచడం, జారిన వైపే స్టీరింగ్ తిప్పడం, కాలు మెల్లగా సడలించడం. ఆఖరికి అర వలయం దాకా బండిని జారుడులోనే నిలబెట్టగలిగాడు. వాడి మొహంలో ఆ సంతోషం చూస్తే, బటన్ ఎప్పుడూ ముట్టుకోవద్దనేవాళ్ళతో నేను ఏకీభవించలేను. బండి ఎలా జారుతుందో చేతికీ నడుముకీ తెలియాలంటే ఎక్కడో ఒకచోట దాన్ని ఆపాల్సిందే.

మధ్యాహ్నం రింగ్ మీది బ్రున్‌షెన్ మలుపు దగ్గర నిలబడి వేరేవాళ్ళ బండ్లు చూశాం. తిరిగి బయల్దేరబోతే, తడిసిన గడ్డి నేల మీద పెట్టిన ఎం2 కదలదు. వెడల్పాటి వేసవి టైర్లు బురదలో జారగానే కంట్రోల్ బలం కోసేస్తోంది, ఇంజిన్ ఆగిపోతానంటోంది. ఇక్కడ మాత్రం ఆపెయ్యమని నేనే చెప్పాను. రెండో గేరు, కాలు తేలిగ్గా. చక్రాలు కాస్త తిరిగి, పై బురద చిమ్మేసి, కింద గట్టి నేలని అందుకున్నాయి. వదులు మంచు, ఇసుక, మంచు గొలుసులు కట్టినప్పుడు, అన్నిటికీ ఇదే పద్ధతి. తారు ఎక్కగానే మళ్ళీ ఆన్.

ఇక రింగ్. అందులో పాత, పొడవాటి ట్రాకు పేరు నార్డ్‌ష్లైఫ. 1927లో తెరిచిన దాని పొడవు 20.8 కిలోమీటర్లు, ఎత్తు పల్లాల తేడా దాదాపు 300 మీటర్లు. జనానికి తెరిచే వేళల్లో అది వన్‌వే రోడ్డు కిందే లెక్క: ట్రాఫిక్ చట్టం వర్తిస్తుంది, ఎడమ వైపు నుంచే ఓవర్‌టేక్ చేయాలి, టైము కొలవకూడదు. చాలాచోట్ల తారుకీ ఇనుప కంచెకీ మధ్య ఉండేది సన్నటి గడ్డి పట్టీ మాత్రమే. గుద్దితే కంచె ఖర్చూ, బండిని లాగే ఖర్చూ మనవే. పైగా ఐఫెల్ వాన ట్రాకంతా ఒకేలా పడదు, ఒక చివర ఎండ ఉంటే ఇంకో చివర తడి. 1976 ఆగస్టు 1న ఇక్కడ జరిగిన ఫార్ములా వన్ రేసు తడిలో మొదలై, ట్రాకు ఆరుతుండగా చాలామంది పొడి టైర్లకి మారారు. అప్పటి ప్రపంచ ఛాంపియన్ నికీ లౌడా రెండో రౌండులో బెర్గ్‌వెర్క్ మలుపుకి ముందు కంచెని గుద్ది మంటల్లో చిక్కుకున్నాడు. తోటి డ్రైవర్లే బయటికి లాగారు. ఆరు వారాలకి ఇటలీలోని మోంజాలో మళ్ళీ రేసు నడిపి నాలుగో స్థానంలో వచ్చాడు. ఇది మావాడికి చెబితే చాలాసేపు ఏమీ అనలేదు.

"ఫార్ములా వన్‌లో అసలు ట్రాక్షన్ కంట్రోలే లేదు కదా బావా?" అన్నాడు చివరికి. నిజమే, 2008 నుంచి నిషేధం. కానీ ఆ కారుకి ముందే వేడెక్కించిన టైర్లు, మలుపుల పక్కన విశాలమైన స్థలం, చిన్నప్పటి నుంచి అదే పని చేసిన డ్రైవరు ఉంటారు. మనకి చల్లటి టైర్లు, పక్కన కంచె, వెనకాల వేరే బండ్లు.

మొదటి రౌండు అన్నీ ఆన్‌లో నడిపాడు. రెండో రౌండుకి టైర్లు వేడెక్కాయి, రోడ్డు పొడిగా ఉంది, బటన్ ఒక్కసారి నొక్కి ఎం డైనమిక్ మోడ్‌లో పెట్టమన్నాను. కొంచెం జారనిస్తుంది, హద్దు దాటితే పట్టుకుంటుంది. ఫుక్స్‌రోరె లోయ అడుగున బండి నేలకి అణిగినప్పుడు లైటు వెలగలేదు. కారుసెల్ మలుపులోని కాంక్రీటు పలకల మీద టైరు ఎగిరెగిరి పడుతుంటే మాత్రం రెండుసార్లు మెరిసింది. అది వెలిగిన ప్రతిసారీ వాడి కాలు కాస్త వెనక్కి తగ్గడం గమనించాను. ఉదయం నీళ్ళ మీద నేర్చుకున్నదే ఇక్కడ పనికొచ్చింది. ఒకటి మాత్రం వాడికి గట్టిగా చెప్పాను: మలుపులోకే అతి వేగంగా వెళ్తే ఏ కంట్రోలూ కాపాడలేదు, అది ఉన్న పట్టునే సర్దుతుంది, కొత్త పట్టు పుట్టించదు.

పూర్తిగా ఆపడం ట్రాక్ మీద ఎప్పుడు సరి అంటే, తెలిసిన ట్రాకు, పొడి రోడ్డు, వేడెక్కిన టైర్లు, తప్పితే జారిపోవడానికి వెడల్పాటి స్థలం ఉన్నప్పుడు. అక్కడ కంట్రోల్ పదే పదే జోక్యం చేసుకుంటే వెనక బ్రేకులు వేడెక్కుతాయి, మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు బలమూ అందదు. ఏబీఎస్ మాత్రం అప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. రోడ్డు మీద, అందులోనూ మన దగ్గర తొలకరికి నూనె, దుమ్ము కలిసి తేలే తారు మీద, ఆపడానికి నాకు ఒక్క కారణమూ కనబడదు.

పార్కింగ్‌లో ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే డీఎస్‌సీ దానంతటదే ఆన్‌లోకి వచ్చింది. ఈ బండి ఎప్పుడూ అంతే. మావాడు ఈసారి బటన్ వైపు చూడలేదు. "ఆ నీళ్ళ ట్రాకు మీద రోజంతా కోర్సు ఉందా బావా?" అని అడిగాడు. ఉంది. చలికాలం టైర్లు వేయించకముందే వద్దామని అనుకున్నాం.