అన్నవాహిక దగ్గర కాస్త ఆగి చూడాలి

ఎండోస్కోపీ చేసేటప్పుడు అన్నవాహికను కడుపులోకి వెళ్లే దారిగా మాత్రమే చూసే అలవాటు మా వృత్తిలో చాలాకాలంగా ఉంది. పెద్దవారిలో సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండే ఆ నాళాన్ని కెమెరా ఉన్న ఎండోస్కోపీ గొట్టం కొన్ని క్షణాల్లో దాటిపోతుంది. వైద్యుడి దృష్టంతా జీర్ణాశయంలోని పుండ్ల మీదా ఆంత్రమూలం (చిన్నపేగు మొదటి భాగం) మీదా ఉంటుంది. గొట్టాన్ని బయటికి లాగుతూ చివరగా ఒక చూపు చూసి, నివేదికలో 'అన్నవాహిక సాధారణంగా ఉంది' అని రాసేస్తారు. క్యాన్సర్‌గా మారబోయే కణజాలాన్ని ముందుగా పట్టుకోవడంలో మేము వెనకబడటానికి పరికరాల కొరత కంటే ఈ తొందరే పెద్ద కారణమని, ఈ పరీక్షలు చేసే వైద్యుడిగా నా గట్టి అభిప్రాయం.

2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 5,11,000 మందికి అన్నవాహిక క్యాన్సర్ కొత్తగా బయటపడింది, సుమారు 4,45,000 మంది దానితో మరణించారు. ఈ రెండు సంఖ్యలు ఇంత దగ్గరగా ఉండటానికి కారణం వ్యాధి ఆలస్యంగా దొరకడమే. మింగడం కష్టమవుతోందని రోగి చెప్పే సమయానికి నాళం చాలావరకు ఇరుకైపోయి ఉంటుంది. పైగా అన్నవాహికలో శోషరస (లింఫ్) నాళాలు లోపలి శ్లేష్మపొర దాకా వ్యాపించి ఉంటాయి కాబట్టి, కణితి కొద్దిగా లోతుకు దిగినా శోషరస గ్రంథులకు పాకే అవకాశం ఏర్పడుతుంది. అదే మార్పు పైపొరకే పరిమితమై ఉన్నప్పుడు దొరికితే, ఎండోస్కోపీ ద్వారానే ఆ భాగాన్ని ఒలిచి తీసి, మిగిలిన అసహజ పొరను రేడియోఫ్రీక్వెన్సీ వేడితో తొలగించి, అన్నవాహికను కోసి తీసే పెద్ద శస్త్రచికిత్సను చాలామందికి తప్పించగలుగుతున్నాము.

ఈ మార్పులు రెండు రకాలుగా కనిపిస్తాయి. దీర్ఘకాలం యాసిడ్ పైకి ఎగదన్నేవారిలో అన్నవాహిక కింది భాగంలోని చదునైన స్క్వామస్ కణాల పొర స్థానంలో పేగు పొరను పోలిన స్తంభాకార కణాలు పెరగవచ్చు. 1950లో ఈ స్థితిని వర్ణించిన శస్త్రవైద్యుడు నార్మన్ బారెట్ పేరిట దీన్ని బారెట్స్ ఈసోఫేగస్ అంటారు. ఈ పేరు నివేదికలో చూసి భయపడేవారికి ఒక మాట చెప్పాలి: కణాల్లో డిస్‌ప్లేజియా (క్యాన్సర్‌కు ముందు వచ్చే అసహజ మార్పు) లేనంతవరకు ఇది క్యాన్సర్‌గా మారేది ఏడాదికి వందమందిలో ఒక్కరికంటే తక్కువమందిలోనే. మేము వెతకాల్సింది ఆ డిస్‌ప్లేజియాను. అది చాలాసార్లు గడ్డగానో పుండుగానో ఉండదు. రంగులో చిన్న తేడాగా, ఉపరితలంపై కొద్దిపాటి ఎత్తుపల్లాలుగా, క్రమం తప్పిన సన్నటి రక్తనాళాలుగా మాత్రమే తెలుస్తుంది.

అందుకే నా దగ్గర శిక్షణ పొందే యువ వైద్యులకు కెమెరా గురించి చెప్పేముందు శుభ్రం చేయడం గురించి చెబుతాను. పొరమీద లాలాజలం, నురగ, పిత్తం పేరుకుని ఉంటే ఎంత మంచి యంత్రమైనా వాటినే చూపిస్తుంది. పరీక్షకు ముందు నురగను, జిగురును తగ్గించే సిమెథికోన్, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ కలిపిన నీళ్లు తాగించి, లోపలికి వెళ్లాక నీటిధారతో ఓపికగా కడిగితే చాలా తేడా కనిపిస్తుంది. తరువాత గాలి నింపి ముడతలు విప్పి చూడాలి, మళ్లీ కొంత గాలి తీసేసి కూడా చూడాలి, ఎందుకంటే పూర్తిగా సాగిన గోడమీద చదునైపోయే ఎత్తు కొన్నిసార్లు గాలి తగ్గినప్పుడే బయటపడుతుంది. బారెట్స్ ఉన్నవారిలో ప్రతి సెంటీమీటరుకూ కనీసం ఒక నిమిషం కేటాయించాలని నిపుణులు సూచిస్తారు. ఎక్కువసేపు చూసిన వైద్యులకే అనుమానాస్పద ప్రాంతాలు ఎక్కువగా దొరికాయని 2012లో వచ్చిన అధ్యయనం చూపింది. తెరను గడియారంగా భావిస్తే 12 నుంచి 6 వరకు ఉండే కుడి సగంలో తొలిదశ మార్పులు ఎక్కువగా ఉంటాయి కాబట్టి ఆ వైపు మరింత శ్రద్ధ అవసరం. మారిన పొర గుండ్రంగా ఎంత దూరం ఉంది, నాలుకలా పైకి ఎంత వరకు పాకింది అన్నది ప్రాగ్ కొలతల్లో నమోదు చేస్తే, తర్వాతి పరీక్ష చేసేవారికి పోల్చుకోవడానికి ఆధారం ఉంటుంది.

పరీక్ష కోసం కణజాలపు ముక్కలు (బయాప్సీ) తీయడానికి సియాటిల్ పద్ధతి ఉంది: కంటికి అనుమానంగా ఉన్నచోట మొదట, ఆపైన ప్రతి రెండు సెంటీమీటర్లకూ నాలుగు దిక్కుల నుంచి. ఈ వరుస ముఖ్యం, ఎందుకంటే ముందు యాదృచ్ఛికంగా ముక్కలు తీస్తే రక్తస్రావం వల్ల అసలు చూడాల్సిన చోటు కనబడకుండా పోతుంది. అయితే ఎన్ని ముక్కలు తీసినా మొత్తం ఉపరితలంలో అవి చాలా కొద్ది భాగమే అవుతాయి. పొర పొడవు పెరిగేకొద్దీ ఈ పద్ధతిని పూర్తిగా పాటించడం తగ్గిపోతుందన్నది కూడా మా రంగంలో అందరికీ తెలిసిన విషయమే. ఆ ముక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షించే పాథాలజిస్టు పాత్రను నేను దీనికంటే తక్కువగా చూడను. యాసిడ్ వల్ల ఒరిసిపోయి వాచిన కణాలు డిస్‌ప్లేజియాలాగే కనబడతాయి కాబట్టి, వాపు ఉంటే ముందు యాసిడ్ తగ్గించే మందులు వాడించి తగ్గాక మళ్లీ పరీక్షించాలి. 2010లో నెదర్లాండ్స్ నుంచి వెలువడిన అధ్యయనంలో, తక్కువ స్థాయి డిస్‌ప్లేజియా అని మొదట చెప్పినవాటిలో 85 శాతాన్ని నిపుణులైన పాథాలజిస్టులు తిరిగి చూసి ఆ స్థాయి నుంచి తగ్గించారు. మిగిలినవారిలో మాత్రం ప్రమాదం నిజంగానే ఎక్కువగా ఉంది. రెండో పాథాలజిస్టు అభిప్రాయం రోగికి అనవసర చికిత్సనూ తప్పిస్తుంది, అవసరమైన చికిత్సనూ త్వరపెడుతుంది.

రెండో రకం మార్పులు స్క్వామస్ పొరలోనే వస్తాయి. ప్రపంచంలో అన్నవాహిక క్యాన్సర్లలో అత్యధికం ఈ కోవకు చెందినవే. పొగాకు, మద్యం దీనికి ప్రధాన కారణాలు. 65 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి పానీయాలు బహుశా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో ప్రకటించింది. మామూలు తెల్లని కాంతిలో ఈ మచ్చలు తప్పించుకోవడం చాలా సులువు. 415, 540 నానోమీటర్ల వద్ద ఇరుకైన కాంతి పట్టీలను వాడే నారో బ్యాండ్ ఇమేజింగ్‌లో హిమోగ్లోబిన్ ఆ కాంతిని పీల్చుకోవడం వల్ల పైపొరలోని సూక్ష్మ రక్తనాళాలు ముదురు గోధుమ రంగులో స్పష్టమవుతాయి. జపాన్‌లో జరిగి 2010లో వెలువడిన పోలిక పరీక్షలో పైపొర క్యాన్సర్లను ఈ కాంతి 97 శాతం పట్టుకోగా, తెల్లని కాంతి 55 శాతమే పట్టుకుంది. ఒక్క బటన్ నొక్కితే వచ్చే సౌకర్యం కాబట్టి, తల, మెడ క్యాన్సర్ ఉన్నవారి అన్నవాహికను చూసేటప్పుడు దీన్ని వాడకపోవడానికి నాకు ఏ సాకూ కనిపించదు. లుగోల్ అయోడిన్ ద్రావణాన్ని పొరమీద చల్లి చూడటం పాత పద్ధతే అయినా ఇప్పటికీ విలువైనది. ఆ అయోడిన్ ఆరోగ్యవంతమైన కణాల్లోని గ్లైకోజన్‌తో కలిసి గోధుమరంగు తెస్తుంది, చెడిన చోట రంగు పట్టదు, ఆ చోటు కొద్ది నిమిషాల్లో గులాబీ రంగులోకి తిరిగితే అనుమానం బలపడుతుంది. ఛాతీలో మంట కలగవచ్చు కాబట్టి పని ముగిశాక సోడియం థయోసల్ఫేట్‌తో కడగాలి, అయోడిన్ పడనివారికి వాడకూడదు. బారెట్స్‌లో ఇదే విధంగా పలుచని ఎసిటిక్ యాసిడ్ ఉపయోగపడుతుంది: చల్లిన వెంటనే పొరంతా తెల్లబడుతుంది, చెడిన చోట ఆ తెలుపు ముందుగా పోతుంది.

కృత్రిమ మేధ ఇప్పుడు తెరమీద అనుమానాస్పద ప్రాంతాన్ని గీసి చూపగలుగుతోంది. దాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను, అలసిన కంటికి అది మంచి తోడు. కాని కడగని గోడను, కెమెరా తిరగని మూలను అది చూడలేదు. ఎండోస్కోపీ గది బయట జరుగుతున్న మార్పే నన్ను మరింత ఆకట్టుకుంది. దారానికి కట్టిన గుళికను మింగిస్తే అది కడుపులో కరిగి స్పాంజిగా విచ్చుకుంటుంది, పైకి లాగినప్పుడు అన్నవాహిక పొడవునా కణాలను సేకరిస్తుంది. కేంబ్రిడ్జ్ పరిశోధకుల నాయకత్వంలో జరిగి 2020లో వెలువడిన పరీక్షలో, ఈ స్పాంజి పరీక్షకు ఆహ్వానించిన వర్గంలో 140 మందికి బారెట్స్ బయటపడగా, మామూలు పద్ధతిలో చూసిన ఇంచుమించు అంతే పెద్ద వర్గంలో 13 మందికే బయటపడింది.

అలా దొరికినవారందరూ చివరికి ఎండోస్కోపీ బల్ల మీదికే రావాలి. పొడవాటి బారెట్స్ ఉన్నవారిని సాధారణ పరీక్షల మధ్య ఇరికిస్తే, వైద్యుడు ఎంత శ్రద్ధగలవాడైనా సెంటీమీటరుకు నిమిషం ఇవ్వలేడు. బారెట్స్ ఉన్నవారికి మళ్లీ మళ్లీ చేసే నిఘా పరీక్షలకు విడిగా, రెట్టింపు సమయంతో, తగినంత మత్తుతో ఒక పూట కేటాయించాలని, తీసిన ప్రతి ముక్క ఎక్కడిదో ఫోటోతో సహా నమోదు చేయాలని నేను పనిచేసిన ప్రతిచోటా అడుగుతూ వచ్చాను. ఆ ఏర్పాటు చేయడానికి కొత్త యంత్రం ఏదీ కొనాల్సిన పనిలేదు.