నాలుగున్నర సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయి?

నిన్న ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ రిపోర్టు చేతికి వచ్చింది. టీ-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళ ఎముకల సాంద్రతతో పోల్చి ఇచ్చే అంకె, వెన్నుపూసల దగ్గర మైనస్ 2.9, తుంటి దగ్గర మైనస్ 2.3. మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ఆస్టియోపొరోసిస్ అంటారు కనుక, నా ఎముకలు గుల్లబారాయని కాగితం మీద రుజువైంది. విచిత్రమేమిటంటే, అది చదివినప్పుడు భయం కన్నా ముందు ఊరట కలిగింది. ఎనిమిది నెలలుగా నేను మొత్తుకుంటున్నది భ్రమ కాదని తేలింది.

మొదట విరిగింది మణికట్టు. చదునైన నేల మీద కాలు జారి, చేయి ఆనించి పడ్డానంతే. పిండికట్టు వేశారు, ఆరు వారాలకు తీశారు. యాభై దాటిన స్త్రీకి అంత చిన్న పాటుకే ఎముక విరిగితే దాని సాంద్రత ఎంతో చూడాలన్న మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు. నాకు నలభై మూడేళ్ళకే నెలసరి ఆగిపోయిందని, ఉబ్బసానికి ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగానని, మా అమ్మకు తుంటి విరిగిందని ఎవరూ అడగలేదు. ఆ మూడూ ఎముకలను బలహీనపరిచే కారణాల జాబితాలో ముందుంటాయని తెలియక నేనూ చెప్పలేదు.

ఆ తరువాత, ఎప్పుడూ సులువుగా అందే పై అర అందకుండా పోయింది. ఎత్తు తగ్గానేమోనన్న అనుమానంతో పేరున్న ఒక డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాను. గదిలో నలుగురు వైద్య విద్యార్థులు కూడా ఉన్నారు. నేను చెప్పింది సగం విని, "ఈ వయసులో ఎత్తుతో మీకేం పనమ్మా?" అన్నారాయన. విద్యార్థులు నవ్వు ఆపుకోవడానికి తలలు దించుకున్నారు. రక్తంలో కాల్షియం మామూలుగానే ఉన్న రిపోర్టును నా ముందుకు తోసి, "ఎముకలు భేషుగ్గా ఉన్నాయి" అని తేల్చేశారు. రక్తంలో కాల్షియం తగ్గబోతే శరీరం ఎముకల నుంచి తీసి మరీ దాన్ని సర్దుతుంది కాబట్టి, ఆ అంకె బాగున్నంత మాత్రాన ఎముక బాగున్నట్టు కాదని నాకు తెలిసింది చాలా రోజుల తరువాత. ఆ రోజు మాత్రం తప్పు చేసిన పిల్లలా "సరేనండీ" అని లేచి వచ్చేశాను. ఎంతో చదువుకున్న మనిషి దగ్గర అలా చులకన కావడం కన్నా, ఎదురు చెప్పలేకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

అయితే కాగితాలు దాచడంలో నన్ను మించినవారు మా ఇంట్లో లేరు. 1993లో ఉద్యోగంలో చేరినప్పటి వైద్య పరీక్ష పత్రం వెతికి తీశాను: ఎత్తు 158 సెంటీమీటర్లు. దాన్ని పట్టుకుని వేరొక డాక్టరు గారిని కలిశాను. ఆవిడ మడమలు గోడకు ఆనించి నన్ను నిలబెట్టి కొలిస్తే 153.5 వచ్చింది. వెంటనే వెన్నుకు పక్క నుంచి ఎక్స్‌రే తీయించారు. నడుముకు కాస్త పైన ఒక వెన్నుపూస ముందు వైపు నలిగి ఉంది. నిరుడు బకెట్ ఎత్తినప్పుడు పట్టుకున్న నొప్పిని కండరం బెణికిందనుకుని మందు రాసుకున్నాను. వెన్నుపూసలు విరిగినా చాలామందికి ఆ సంగతే తెలియదని ఆవిడ చెప్పారు. విటమిన్ డి, థైరాయిడ్, పారాథైరాయిడ్ పరీక్షలకు రక్తం ఇవ్వడం, స్కాన్ కోసం పావుగంట కదలకుండా పడుకోవడం ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి.

ముందు పంటి డాక్టరుకు చూపించుకుని, ఆ తరువాత వారానికొక మాత్ర మొదలుపెట్టమన్నారు. పరగడుపున గ్లాసు నిండా నీళ్ళతో వేసుకుని, అరగంట పాటు నడుం వాల్చకూడదు, ఏమీ తినకూడదు. ఇవన్నీ నాకు కష్టం కావు. ఆ మొదటి డాక్టరు గారికి ఈ రిపోర్టు నకలు పంపాలా వద్దా అన్నదే ఇంకా తేల్చుకోలేదు. పాత ఎత్తు, కొత్త ఎత్తు ఉన్నచోట మాత్రం ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంచాను.