బాలెనో అంటే ఏ బాలెనో?

స్పేర్స్ కొట్టుకెళ్లి "బాలెనోకి టైమింగ్ బెల్టు ఇవ్వండి" అని అడిగితే, కౌంటర్లో కుర్రాడు "బాలెనోకి బెల్టెక్కడిది సార్, చైను కదా" అంటాడు. అతని తప్పేం లేదు. అతనికి ఊహ తెలిశాక రోడ్ల మీద కనిపించిన బాలెనో 2015 అక్టోబరులో వచ్చిన హ్యాచ్‌బ్యాక్. అడిగినాయన ఇంటి ముందున్నదేమో 1999లో మారుతి తెచ్చిన సెడాన్.

రెంటికీ కలిసింది పేరొక్కటే. పాతదాంట్లో 1,590 సీసీ జీ16బీ పెట్రోల్ ఇంజిన్, దానికి రబ్బరు టైమింగ్ బెల్టు (ఇంజిన్లో క్రాంకునూ క్యామ్‌నూ కలిపి తిప్పేది). కొత్తదాంట్లో 1,197 సీసీ కే12 పెట్రోల్, దానికి చైను. చైను చప్పుడు చేస్తేనో సాగితేనో పట్టించుకుంటారు. బెల్టు అలా కాదు. బండి తిరగకుండా షెడ్డులో ఉన్నా వయసుకే రబ్బరు పగుళ్లిస్తుంది. "బాలెనోకి ఏం మార్చక్కర్లేదు" అని ఏ వీడియోలోనో విని ఊరుకుంటే ఒకరోజు బెల్టు తెగి ఇంజిన్ ఉన్నపళాన ఆగిపోతుంది. పాత సెడాన్ సెకండ్‌హ్యాండ్‌లో కొని, బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే, మార్చలేదనే లెక్కేసుకోవాలి. బెల్టుతోపాటు దాన్ని బిగువుగా ఉంచే టెన్షనరు, క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్లు కూడా అప్పుడే వేయించేయండి. సీలు కారి బెల్టు మీద ఆయిల్ పడితే కొత్త బెల్టూ పాడవుతుంది, కవరు విప్పిన కూలీ రెండోసారి కట్టాలి. వాటర్ పంపు కూడా ఆ వెనకే ఉంటుంది, పనిలో పనిగా చూడమనండి. ఆయిల్ సంగతీ అంతే. కొత్త కే12కి చెప్పే పల్చటి 0డబ్ల్యూ-20 చూసి పాత ఇంజిన్లో పోయించకూడదు, దాని మాన్యువల్లో రాసిన గ్రేడే పోయాలి.

అందుకే పేరు చెప్పి పార్టు అడగడం మానేయాలి. ఆర్సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, తయారైన నెల, ఏడాది ఫోన్లో పెట్టుకోండి. విప్పిన పాత పార్టు మీద నంబరు ఉంటే తుడిచి ఫొటో తీయండి. మారుతి పార్టు నంబర్లో మొదటి ఐదంకెలు అదేం పార్టో చెబుతాయి, గీత తర్వాతవి ఏ మోడల్‌కో చెబుతాయి. మొదటి ఐదూ కలిశాయి కదా అని డబ్బు కట్టేసి ఇంటికొచ్చాక బోల్టు రంధ్రాలు కలవక తల పట్టుకునేది ఇక్కడే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత చేతులున్న కొట్టుకెళ్తే "సెడానా, హ్యాచా?" అని వాళ్లే అడుగుతారు. ఆన్‌లైన్లో ఆ ప్రశ్న వేసేవాడు ఉండడు.

ఇన్సూరెన్సులో ఇదే పేచీ ఇంకో రూపంలో వస్తుంది. వెబ్‌సైటులో మోడల్ అనే చోట బాలెనో కొడితే పైన కనిపించేవన్నీ హ్యాచ్‌బ్యాక్ వేరియంట్లే. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ ప్రైవేటు కారుకు ఏడాదికి 3,416 రూపాయలు, 1,500 దాటితే 7,897. పాత బాలెనో 1,590 సీసీ. తొందరలో 1.2 లీటర్ వేరియంట్ నొక్కేస్తే నాలుగు వేలకు పైగా మిగిలినట్టు కనిపిస్తుంది. క్లెయిమ్ రోజున పాలసీ, ఆర్సీ పక్కపక్కన పెట్టినప్పుడు మాత్రం సీసీ కలవదు, గొడవ మొదలవుతుంది. డబ్బు కట్టే ముందే సీసీ, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో సరిచూసుకోండి.

పాత పేరును కొత్త బండికి పెట్టి కంపెనీలు ఇంత తికమకకు ఒడిగట్టడం ఎందుకంటే, జనం నోట్లో ఇప్పటికే నానుతున్న పేరుకు ప్రచారం ఖర్చు తక్కువ. రెండోది చట్టం. మన దేశంలో ట్రేడ్‌మార్కు, అంటే రిజిస్టరు చేసుకున్న పేరు, పదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటే ఎన్నాళ్లయినా ఉంటుంది. కానీ 1999 ట్రేడ్‌మార్కుల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లకు పైగా వాడకుండా పడేసిన పేరును రిజిస్టరు నుంచి తీసేయమని దానివల్ల ఇబ్బంది పడేవాళ్లెవరైనా అర్జీ పెట్టుకోవచ్చు. పేరుకు విలువెంతో అంబాసిడర్‌ను చూస్తే తెలుస్తుంది. 2017లో ఆ బ్రాండును ప్యూజో కంపెనీ హిందుస్థాన్ మోటార్స్ దగ్గర 80 కోట్లకు కొంది. కొన్నది కారును కాదు, పేరును.

పేరు ఏ దశలో తగిలించారో చూస్తే బండి సంగతి సగం అర్థమవుతుంది. 2020 ఆటో ఎక్స్‌పోలో టాటా ఒక ఏడు సీట్ల బండిని గ్రావిటాస్ పేరుతో చూపించింది. 2021 ఫిబ్రవరిలో అదే బండి సఫారీ అయి అమ్మకానికొచ్చింది. అది టాటావాళ్ల ఐదు సీట్ల హారియర్‌నే 63 మిల్లీమీటర్లు పొడుగు చేసిన బండి, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) రెంటికీ 2,741 మిల్లీమీటర్లే. 1998 సఫారీ ల్యాడర్ ఫ్రేము మీద బాడీ కూర్చోబెట్టిన వెనక చక్రాల డ్రైవు బండి, ఫోర్ బై ఫోర్ కూడా దొరికేది. కొత్తది మోనోకాక్, అంటే విడిగా ఫ్రేము లేకుండా బాడీయే ఫ్రేము, ముందు చక్రాల డ్రైవు. కిందికి వంగి చూస్తే చాలు. పాతదానికి ముందు నుంచి వెనక దాకా రెండు లావు ఇనుప పట్టాలు, మధ్యలో ఇంజిన్ శక్తిని వెనక్కి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక దాన్ని చక్రాలకు పంచే డిఫరెన్షియల్ ఉంటాయి. కొత్తదానికి అవేవీ ఉండవు. హైవే మీద కుటుంబంతో పోవడానికి కొత్తదే నయం, అందులో వాదన లేదు. పొలం గట్ల మీద బురదలోకి దింపుదామని సఫారీ పేరు చూసి కొనేవాళ్లకే ఇబ్బంది.

పేరు పెట్టినంత మాత్రాన గిట్టుబాటవుతుందనీ లేదు. గుండ్రంగా, నేలకు దగ్గరగా ఉండే జెన్ పేరును మారుతి 2006 చివర్లో ఎత్తైన ఎస్టిలో అనే కారుకు అంటించింది, 2009 కల్లా జెన్ అన్న మాట తీసేసి ఒట్టి ఎస్టిలో అంది. 2018లో తిరిగొచ్చిన శాంత్రో 2022కే ఆగిపోయింది.

ఇక టాటా సియెర్రా. 2025 నవంబరు 25న వచ్చిన కొత్తదానికి ఐదు తలుపులు. 1991 నాటిదానికి మూడే. వెనక పక్క అద్దాలు పైకప్పు మీదికి వంగి ఉండేవి, అవి తెరుచుకునేవి కావు. చూడ్డానికి ఎంత అందమో, మే నెలలో వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు అంత ఉడుకు. కొత్తదాంట్లో ఆ అద్దం లేదు, నల్లరంగు పట్టీలతో ఆ రూపు తెప్పించారు, వెనక తలుపుల అద్దాలు మామూలుగానే దిగుతాయి. నన్నడిగితే మంచి పనే చేశారు.

కొత్త సియెర్రాను చూసి పాతదాన్ని కొనాలనుకునేవాళ్లు మాత్రం ఇంజిన్ కంటే ముందు ఆ అద్దాలే చూడాలి. 1,948 సీసీ డీజిల్ ఇంజిన్ అప్పట్లో సుమోలోనూ వాడారు కాబట్టి దాని సామాను ఏదో ఒక మూల దొరుకుతుంది. వంపు అద్దం మాత్రం సియెర్రాదే, ఆ కాలంలోనే వచ్చిన టాటా ఎస్టేటు కారుది కూడా దానికి సరిపోదు. అద్దం చుట్టూ రబ్బరు బీడింగ్ గట్టిపడిందేమో గోరుతో నొక్కి చూడండి. సన్నగా నీళ్లు వదిలిన పైపును పైకప్పు అంచున పది నిమిషాలు పట్టి, ఆనక వెనక సీటు పక్క కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టండి. తడి తగిలితే బీడింగ్ కింద రేకు తుప్పు పట్టే ఉంటుంది. అద్దం తీస్తే తప్ప ఆ తుప్పు బాగుచేయలేరు, తీసేటప్పుడు పగిలితే ఇంకోటి ఎక్కడిదన్నదే అసలు భయం. అద్దం అప్పటికే పగిలి ప్లాస్టిక్ షీటు కట్టిన బండి చవగ్గా వస్తుంటే, అద్దం ఎవరి దగ్గరుందో, ఎంతకిస్తారో తేలాకే అడ్వాన్సు ఇవ్వండి.