గోరుకు తగిలిన పల్లం

మాది దేవరకొండ. చౌటుప్పల్ దగ్గర, రేకును అచ్చులో నొక్కి భాగాలు చేసే ఒక ప్రెస్సు షాపులో డై ట్రయల్స్ చూస్తాను. డై అంటే ఆ అచ్చే. పోయిన ఎండాకాలం ఒక ట్రాక్టర్ కవరు మూడు వారాలు నిద్ర పోనివ్వలేదు. 0.8 మిల్లీమీటర్ల డీప్ డ్రా షీటు, అంటే లోతుగా సాగదీయడానికి పనికొచ్చే రేకు. రెండు కాయిళ్లు (షీటు చుట్టలు) బాగానే నడిచాయి, మూడోది ఎక్కించగానే పక్క గోడ మధ్యలో పగుళ్లు. నూనె తక్కువైందన్నారు. ఇంకా పూశాం. పగిలింది.

మా టూల్‌రూమ్ పెద్దాయన పగలని ముక్క ఒకటి తెప్పించి, అదే చోట గోరు అడ్డంగా లాగాడు. "గోరు దిగుతున్నది సూడు బిడ్డా. ఇది గూడ పోయినట్టే" అన్నాడు. నేనూ లాగి చూశాను. షీటు మందమంత వెడల్పున సన్నటి పల్లం, కంటికి సరిగా ఆనదు. అదే నెక్కు. అది పడ్డాక సాగుడంతా ఆ పల్లంలోకే పోతుంది, పక్కనున్న షీటు ఇక సాగదు. 1967లో మార్చినియాక్, కుచిన్‌స్కీ అనే పరిశోధకులు లెక్క కట్టిందీ ఇదే: షీటులో ముందే ఒక పల్చని చార ఉందనుకుని, అది మిగతా షీటు కంటే ఎప్పుడు ముందుకు ఉరుకుతుందో చూశారు.

మర్నాడు కొత్త బ్లాంకుల (ఇంకా నొక్కని షీటు ముక్కల) మీద 2.5 మిల్లీమీటర్ల వలయాలు ఎచ్చింగ్ చేసి కొట్టాం. కొలిచాక ఆశ్చర్యపోయాను. మూలల్లో వలయం 3.6కి సాగినా షీటు క్షేమం, ఎందుకంటే అడ్డంగా 2.1కి కుదించుకుంది. గోడ మధ్యలో నెక్కు పక్కన 3.25 మాత్రమే, అంటే 30 శాతం. కానీ అడ్డం అదే 2.5. అడ్డంగా కదలడానికి వీల్లేని చోట సాగుడంతా మందం నుంచే రావాలి, అందుకే నెక్కు పడకుండా షీటు ఎంత సాగగలదో చూపే ఫార్మింగ్ లిమిట్ గీత అక్కడే అన్నిటికంటే కిందికి దిగుతుంది. ఆ గీతలో కుడివైపు (రెండు దిక్కులా సాగే చోట్లకు) కీలర్, ఎడమవైపు (అడ్డంగా కుదించుకునే చోట్లకు) 1968లో గుడ్విన్ వేసినవి.

మరి ముందే కంప్యూటర్‌లో చేసి చూసిన సిమ్యులేషన్ ఎందుకు పాసైంది? సాగేకొద్దీ షీటు ఎంత గట్టిపడుతుందో చెప్పే అంకె ఎన్ విలువ; అందులో వేసింది పాత కాయిల్‌ది, 0.21. ఆ గీత అన్నిటికంటే కిందికి దిగే చోటును లెక్కకట్టే కీలర్-బ్రేజియర్ సూత్రంలో ఈ మందానికి హద్దు 34.6 శాతం వస్తుంది. మూడో కాయిల్ ముక్కలు లాగి తెంచే టెన్సైల్ టెస్టుకు పంపితే 0.18 తేలింది. హద్దు 29.7కి జారింది. మేము 30 దగ్గర నిలబడ్డాం! ఆ కాగితం చూసినప్పుడు నాకు కోపం కంటే ఊరటే ఎక్కువ కలిగింది, డై మీద పడ్డ నింద పోయినందుకు.

అయినా డైని సవరించక తప్పలేదు, ఇలాంటి కాయిల్ మళ్లీ రాదని ఎవరు చెప్పగలరు. గోడ పక్కనున్న డ్రా బీడ్‌ను (షీటు జారకుండా పట్టి ఉంచే గట్టును) కొంచెం కొంచెంగా గ్రైండింగ్ చేశాం, షీటు లోపలికి జారాలని. ఎక్కువ తీస్తే ముడతలు పడతాయి, కాబట్టి ప్రతిసారీ ఒక బ్లాంకు కొట్టి చూడటం. నాలుగోసారికి వలయం 3.0 దగ్గర ఆగింది, 20 శాతం. హద్దుకు దాదాపు పది పాయింట్ల దూరం.

పెద్దాయన గోరు లాగాడు. ఎక్కడా ఆగలేదు.