మూజువాణి

పదకొండున్నర దాటింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం ఒక బకారం గొంతులో చేపముల్లులా అడ్డం పడి నిద్ర రావడం లేదు.

శనివారం, ఆఫీసు లేదు. అమ్మ కారం దోసెలు పోసింది. నాయన వరండాలో పేపరు పట్టుకుని, నాకు వినపడాలనే ఒక వార్త గట్టిగా చదివాడు. "గందరగోళం మధ్యే మూజువాణి ఓటుతో బిల్లుకు ఆమోదం." అంటే అవును, కాదు అన్న అరుపులు విని, లెక్కపెట్టకుండా తేల్చేయడం. చదివి పేపరు మడిచేశాడు. "ఈ ముక్క అచ్చుపోసి పెట్టుకున్నారు రా అబ్బయ్యా. బిల్లు పేరు మార్చి వాడుకుంటుండారు." ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే నాకు తోచదు.

నేను మర ముందు కూర్చున్నాను. మాటల్లో ధ్వనులు మార్చడానికి నేను రాసుకున్న ప్రోగ్రాము అది, మర అని పేరు పెట్టింది మా ఇంట్లో చిన్నదే. ఒక పక్క పాత మాటలు వడ్లలా పోస్తే ఇంకో పక్క, లేని ఒక దీవి కోసం నేను అల్లుతున్న దీవిమాట అనే భాషలో మాటలు బియ్యంలా రాలాలి. మధ్యలో నియమాలు. ఇలాంటివి లేకపోలేదు. కల్పిత భాషలు అల్లేవాళ్ళకి మార్క్ రోజెన్‌ఫెల్డర్ చేసిన పనిముట్టు తెలుసు. ఏ ధ్వని, దేనిగా, ఎక్కడ అని మూడు ముక్కలు గీతలు కొట్టి రాస్తే చాలు, వెయ్యి మాటలనైనా తిప్పి ఇస్తుంది. కానీ నాకు తెలుగు అక్షరాల్లోనే రాసుకోవాలని పట్టుదల. కష్టమంతా అక్కడే. కంప్యూటరు లెక్కలో 'కి' అంటే క ఒక గుర్తు, గుడి ఇంకో గుర్తు. ఆ గుడీ, 'ఇల్లు'లో ఇ-కారమూ ఒకే ధ్వని అని దానికి తెలియదు. ఇక 'క'లో ఉండే అకారానికి గుర్తే లేదు. అందుకని ప్రతి మాటనీ ముందు ధ్వనులుగా విడగొట్టి, నియమాలు నడిపి, మళ్ళీ గుణింతంగా కూర్చాలి. ఆ కూర్పుకే పోయిన వేసవి అంతా పట్టింది.

దీవికి ముందు మరను తెలుగు మీద నడిపి చూసుకుంటాను. తెలుగులో నిజంగా జరిగినదాన్ని రాబట్టలేని మర, లేని దీవి గురించి ఏం చెబుతుంది? పాత క తెలుగులో ఇ, ఎల ముందు చ అయింది. కన్నడంలో కివి, మనకు చెవి. వాళ్ళకు కెరె, మనకు చెరువు. అరవంలో కిళి, మనకు చిలుక. ఇది తాలవ్యం. ఇంకోటి వర్ణవ్యత్యయం, మాట మధ్యలో ఉన్న రకారం లాంటివి ముందుకు దూకడం. అరవంలో మరం, మనకు మ్రాను. వాళ్ళ ఉరల్ మన రోలు. మూడోది క్రావడి లోపం. మ్రాను మానైంది, క్రొత్త కొత్తయింది, ప్రొద్దు పొద్దయింది.

ఈ మూడూ ఏ వరసలో నడిచాయన్నదే అసలు సంగతి. 'కింద' తీసుకోండి. అరవంలో దీని చుట్టం కీఴ్, ఆ చివరి ధ్వని మన దగ్గర రకారం అయింది. ఇ-కారం ముందు క ఉంది, చ కావాలి కదా? కాలేదు. అప్పటికే ఆ రకారం ముందుకు దూకి క్రింద అయి కూర్చుంది. క పక్కన ఇ లేదు, మధ్యలో ర నిలబడింది. క చ అయ్యే కాలం గడిచిపోయాక, చాలా తర్వాత, ఆ ర రాలిపోయింది. కింద మిగిలింది. ఒక్క రకారం కాపలా కాసి కకారాన్ని ఒడ్డుకు చేర్చింది. ఇది నాకు మొదటిసారి తట్టినప్పుడు కావలి నుంచి నెల్లూరు పోయే బస్సులో ఉన్నాను. పక్కసీటు పెద్దాయనకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన పడుగుపాడు దాకా విన్నాడు పాపం, విసుక్కోలేదు.

ఈ రోజు మర 'చ్రింద' అని ఇచ్చింది.

చిన్నదాన్ని తుమ్మలపెంట సముద్రానికి తీసుకుపోతానని మాటిచ్చిన పొద్దు అంతా దీనికే పోయింది. ఒక్కో నియమం విడిగా నడిపితే సరిగ్గానే ఉంది. కలిపితే చ్రింద. విడగొట్టే చోట తప్పేమోనని అది మొత్తం చదివాను. కూర్చే చోట పొల్లు ఎక్కడైనా జారిందేమోనని అదీ చదివాను. రెండు గంటలు. చివరికి చూస్తే, నిన్న రాత్రి ఫైలు చక్కబెడదామని నియమాలను అకారాదిగా పేర్చి ఉన్నాను. క్రావడి లోపం పైకి పోయింది, తాలవ్యం మధ్యలో, వర్ణవ్యత్యయం అడుగున. క్రావడి ఇంకా పుట్టకముందే దాన్ని రాల్చమంటే ఏం రాలుతుంది? ఈలోపు క చ అయిపోయింది, ఆ తర్వాత ర దూకింది. మర చెప్పింది చెప్పినట్టే చేసింది.

నాకు ఒళ్ళు మండింది వరస తప్పినందుకు కాదు. మధ్యలో ఏం జరిగిందో మర ఒక్క ముక్క చెప్పలేదు. ఆఖరి మాట మాత్రమే బయట పెడుతుంది. ఏ నియమం ఏ మాటను ఎప్పుడు ముట్టుకుందో రాసిపెట్టి ఉంటే అర నిమిషంలో తేలేది. అలా రాయించొద్దని, తెర నిండా చెత్త ఎందుకని అనుకున్నది నేనే.

అన్నం తిన్నాక పొద్దుటి మాట ఇంకా చెవిలో తిరుగుతుంటే, మూజువాణిని మరలో వేశాను. ఉర్దూలో ముఁహ్ అంటే నోరు, జుబానీ అంటే నాలుకతో చెప్పింది. సర్కారు కచేరీల దారిన మనకొచ్చిన మాట. అరువు మాటల నియమాలు నడిపితే 'మూజుబాని' దగ్గర ఆగిపోయింది. బ వ కావాలి. సరే, అచ్చుల మధ్య బ వ అవుతుందని ఒక వరస చేర్చాను. మూజువాని వచ్చింది. దాంతోపాటు జవాబు జవావు అయింది, గులాబి గులావి అయింది. చిన్నది నా భుజం మీంచి చూసి "గులావి, గులావి" అని ఇల్లంతా తిరిగింది. వరస తీసేశాను. ణకారానికైతే దారే కనపడలేదు.

నాయన టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. "ఏందిరా బాధ?" చెప్పాను. "వాణి అంటే ఎవుర్రా? సరస్వతి. మాట గదా అది. ఆ బానీ ఏందో జనానికి తెలవలా. తెలిసిన అమ్మవారిని తెచ్చి కూర్చోబెట్టుకున్నారు." అంతే. నేను గంట సేపు వెతికింది ఆయన టీ తాగుతూ చెప్పాడు.

ఆయనకి ఆ మాట మీద అంత పట్టు ఉండటంలో వింత లేదు. దస్తావేజులు రాసిన చెయ్యి. కాయితం ఉన్నచోట నోటిమాట చెల్లదని నాకు పదేళ్ళప్పుడే చెప్పిన మనిషి. కానీ మూజువాణి అంటే నాకు గుర్తొచ్చేది దస్తావేజు కాదు, 2014 ఫిబ్రవరి 18, మంగళవారం.

అప్పుడు సెలవు పెట్టి ఇంటికొచ్చి ఉన్నాను. అంతకు అయిదు రోజుల ముందే సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు, ఊరంతా అదే మాట. ఆ మధ్యాహ్నం నాయన పని వదిలేసి టీవీ ముందు కూర్చున్నాడు. రాష్ట్ర విభజన బిల్లు లోక్‌సభలో చేపట్టారు. కాసేపటికి ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. ఆయన ఛానెల్ మార్చలేదు. బొమ్మ లేని తెర ముందు అట్లానే కూర్చున్నాడు. తర్వాత వార్త వచ్చింది, మూజువాణి ఓటుతో ఆమోదం. ఆయన నన్ను అడిగాడు, "ఎంతమంది అవునన్నారు? ఎంతమంది కాదన్నారు?"

"మూజువాణిలో లెక్క ఉండదు నాయనా."

"ఎకరా పొలం అమ్మితే ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టిస్తానే. రాష్ట్రాన్ని పంచే కాయితానికి ఎవరేమన్నారో లేకపోతే ఎట్టారా?"

నేను వాదించాను. అప్పుడు నాకు వాదించే వయసు. హాజరై ఓటేసినవాళ్ళలో ఎక్కువమంది మాటే చెల్లుతుందని రాజ్యాంగం నూరో అధికరణం చెబుతోందన్నాను. స్పీకర్ చెవికి ఏది గట్టిగా వినపడితే అది ప్రకటిస్తారని, ఎవరైనా కాదంటే లోక్‌సభ 367వ నియమం కింద డివిజన్, అంటే లెక్కపెట్టే ఓటింగు, అడగొచ్చని, లాబీలు ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాలు ఆగి, మళ్ళీ ప్రశ్న పెట్టి మీటలు నొక్కిస్తారని అంతా చెప్పాను. ఆయన మొత్తం విని, "అంత మర ఉండి గూడా నోటితోనే ఎందుకు తేల్చారు మరి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. "ఇవ్వాలనీ, ఇవ్వొద్దనీ అనడంలే నేను. లెక్క అడుగుతుండా" అని అమ్మతో అన్నాడు. అదే రాత్రి వరంగల్ మిత్రుడు ఫోన్ చేసి ఏడ్చాడు, సంతోషంతో. అరవై ఏళ్ళ కోరిక తీరిన రోజు వాడిది. వాళ్ళ బిడ్డలు చదువుకోవడానికి కూడా ఆ రోజు పేర్లు ఉండాల్సింది కదా అని నాకిప్పుడనిపిస్తుంది. రెండు రోజులకు రాజ్యసభలోనూ అదే తీరున అయిపోయింది. 2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులూ మూజువాణితోనే నెగ్గాయి, నాయన మళ్ళీ నాకు ఫోన్ చేశాడు. ఏ పార్టీ కూర్చున్నా ఆయన అడిగేది అదే ప్రశ్న.

నాకు కోపం ఎక్కడంటే, వరస విలువ పార్లమెంటుకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ముందు సవరణలు, తర్వాత క్లాజు. బిల్లు పేరు చెప్పే ఒకటో క్లాజు అన్నిటి తర్వాత వస్తుంది. అంత పద్ధతిగా నడిపి, ఆఖరున ఎవరు ఎటన్నది మాత్రం గాలికి వదిలేస్తారు. డివిజన్ జరిగితే పేర్లతో సహా చర్చల పుస్తకంలో అచ్చవుతుంది. మూజువాణికి ఏం అచ్చవుతుంది?

ఇక్కడిదాకా రాసి లేచి నీళ్ళు తాగొచ్చాను. నేను పొద్దుణ్ణించీ మూజువాణి అనే మాటను దారి తప్పిన గొర్రెలా చూస్తున్నాను. మిగతా మాటలన్నీ నియమానికి కట్టుబడ్డట్టు. అది సరికాదనిపిస్తోంది. మన ఒంగోల్లో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1978లోనే చూపించారు, ఆ రకారం ముందుకు దూకడం అన్ని మాటల్లో ఒక్కసారి జరగలేదని. తెలుగులో, దాని చుట్టపు భాషలైన గోండిలో, కువిలో ఒక మాట తర్వాత ఒక మాటగా పాకింది. నేను నియమమని ఒక్క వరసలో రాసుకున్నది, ఎవరూ లెక్కపెట్టని నోళ్ళు కొన్ని వందల ఏళ్ళు పలికితే అయింది. అట్లా చూస్తే క్రింద కూడా మూజువాణి ఓటుతో నెగ్గిన మాటే.

అయినా నాయన ప్రశ్న పోదు. కృష్ణమూర్తిగారు ఆ సంగతి తేల్చగలిగింది ఏ మాట ఏ భాషలో దూకింది, ఏది దూకలేదు అని ఒక్కోటీ రాసి పెట్టుకున్నారు కాబట్టి. జనం నోటికి లెక్క లేదు సరే, ఆయన కాయితం మీద ఉంది. చీకటి పడ్డాక నాయన అన్న మాట ఇప్పుడు ఇంకా గుచ్చుతోంది. "నీ మర గూడా మూజువాణేరా. ఏ నియమం ఎటు చెయ్యెత్తిందో రాయదు."

తొమ్మిదింటికి కూర్చుని రాయించాను. ఇరవై వరసలు కూడా పట్టలేదు. ఇప్పుడు ప్రతి మాట పక్కనా దాని దారి కనపడుతుంది. క్రింద దగ్గర తాలవ్యం వచ్చి, ముట్టుకోకుండా వెళ్ళిపోయిన చోట 'మార్పు లేదు' అని పడింది. బాగుంది, చాలా బాగుంది.

మూజుబాని తర్వాత గడి ఖాళీగా మెరుస్తోంది. అక్కడ మూజువాణి అని చేత్తోనే ఎక్కించి, నియమం అన్నచోట 'లేదు' అని, సాక్షి అన్నచోట నాయన పేరు రాశాను. రెండో సాక్షి కావాలి. తాత కాలం దస్తావేజులు లోపలి గది బీరువాలో ఉన్నాయి. వాటిలో ఎక్కడైనా ఆ మాట 'బ'తోనే రాసి ఉందేమో పొద్దున్నే చూడాలి. తాళంచెవి అమ్మ కొంగున ఉంది.