రోజుకి అయిదే

నలభై డాలర్లు పోసి కొన్న జల్లెడ కారు డిక్కీలోంచి దిగనేలేదు. న్యూజెర్సీలో శిలాజాలు ఏరుకునే వాగు బిగ్ బ్రూక్‌లో జల్లెడ 18 అంగుళాలు మించకూడదట, నాది 24. రూట్ 9 ట్రాఫిక్‌లో గంటన్నర ఈడ్చుకుంటూ వచ్చాక బోర్డు మీద చదివాను. తాపీ అలుగు 6 అంగుళాలు దాటకూడదు, గట్టు తవ్వకూడదు, మనిషికి రోజుకి అయిదు శిలాజాలే. అయిదా! ఒళ్ళు మండింది. చివరికి డిక్కీలో మూల పడున్న పాప బీచి బొమ్మల్లోంచి గులాబీరంగు ప్లాస్టిక్ జల్లెడే గతి అయింది.

వాగంటే పెద్దదేం కాదు, మోకాలి లోతు నీళ్ళు. దిగే దారంతా పాయిజన్ ఐవీ, మన దురదగొండికి అక్కలాంటిది. అంతకు రెండ్రోజుల ముందు వానలు పడ్డాయి కాబట్టి మంచిదే అన్నారు. వాన గట్టుని కోస్తే లోపలివి కొత్తగా బయటపడతాయి. సుమారు ఏడు కోట్ల ఏళ్ళ కిందట ఈ న్యూజెర్సీ ఒడ్డంతా సముద్రం. షార్క్‌ల ఒళ్ళంతా మృదులాస్థి కాబట్టి చాలావరకు కరిగిపోయింది, జీవితాంతం రాల్చుకున్న పళ్ళు మాత్రం మిగిలాయి.

ఇసుక మేట దగ్గర ఒక పెద్దాయన బకెట్ బోర్లించుకుని కూచున్నాడు. నేను నల్లగా, కోసుగా ఏది దొరికినా పరిగెత్తుకెళ్ళి చూపించడం, ఆయన కళ్ళజోడు కూడా సర్దుకోకుండా "రాయి" అనడం. తొమ్మిదిసార్లు. పదోసారి నాకే సిగ్గేసి ఇనపరాయిని నీళ్ళలోకి విసిరేశాను. అప్పుడు జాలిపడ్డాడేమో, "ఆకారం వెతక్కు, మెరుపు చూడు" అన్నాడు. పంటి పింగాణీ తడిస్తే రాళ్ళ మధ్య వేరేగా మెరుస్తుందట.

అమ్మమ్మ గుర్తొచ్చింది. చాటలో బియ్యం పోసుకుని వీధిలో వాళ్ళతో కబుర్లాడుతుంటే, కళ్ళతో పనిలేనట్టు ఆవిడ వేలు తిన్నగా రాయి మీదకే వెళ్ళేది. నేను ఆవిడ మనవణ్ణే గానీ ఆ వేళ్ళు నాకు రాలేదు. పాపకొచ్చాయి. ఎనిమిదేళ్ళది, జల్లెడ రెండుసార్లు ఊపి, గులకరాళ్ళు వేలితో అటూ ఇటూ నెట్టి, "నాన్నా, ఇది?" అంది. గోబ్లిన్ షార్క్ పన్ను! సూదిలా సన్నగా, కొంచెం వంకరగా, కింద రెండు కాళ్ళలాంటి వేరు. పెద్దాయన మొదటిసారి బకెట్ మీంచి లేచాడు.

మధ్యాహ్నానికి పాపకి ఆరు. నాకు ఒక్కటి, అదీ పన్ను కాదు, బెలెమ్నైట్. తుపాకి గుండులా ఉంటుంది, ఎండకి పట్టి చూస్తే తేనెరంగు. స్క్విడ్‌కి దూరపు చుట్టం ఒంట్లో ఉండే గట్టి ముక్క. పెద్దాయన దాన్ని "రాయి" అననందుకే నాకు పండగ.

"ఒకటి వదిలేయాలమ్మా, అయిదే కదా" అన్నాను. ఆరూ బండమీద వరసగా పేర్చుకుని చాలాసేపు ఆలోచించింది.

"నీకింకా నాలుగు ఖాళీ ఉన్నాయి కదా. నీ లెక్కలో వేసుకో. కానీ అది నాదే."

పెద్దాయన పకపకా నవ్వాడు. నేను జేబు తెరిచాను.